పేరు లేని చీటీలు

రూతు జగపతిని మొదటిసారి చూసిన రోజే దొంగ అన్నది. ప్రేమకథలకు ఇంతకంటే మంచి మొదళ్లు ఉంటాయి. వీళ్లకు ఇదే దొరికింది.

వాన కురుస్తున్నది. డాక్టరు చదువు మధ్యలో వదిలేసి, నిజాం మీద పోరాడే సంఘంలోకి వచ్చిన జగపతి, మరిపెడ దగ్గరి అడవిలో, గుడిసెలో కూర్చుని కట్టుగుడ్డలు ఉడకబెడుతున్నాడు. తడిసిన మద్రాసు వైద్యపత్రిక ఒకటి వచ్చి అతని ముందర పడింది. విసిరింది, గుమ్మంలో నిలబడ్డ రూతు.

"దొంగా! గాయపాకు పసరు. నలభై ఒక్క గాయాలు. ఏది ఎన్నొద్దులకు మానిందో లెక్క. గివన్ని నేను చీటీలల్ల రాసి పంపిన. కింద నీ పేరేంది?"

జగపతి తెల్లబోయాడు. ఆ చీటీలు తొర్రూరు దిక్కు నుంచి చేతులు మారి వచ్చేవి. రజాకార్లకు దొరికితే ప్రాణం మీదికొస్తుందని చీటీ మీద ఎవరూ పేరు రాయొద్దు. సంఘం నియమం.

"పేరు లేదు గద. అందరియి అనుకున్న."

"అందరియైతే నీ ఒక్కని పేరే ఏసుకున్నవేంది, డాక్టరు సాబ్?"

జగపతి పొయ్యి మీది కట్టుగుడ్డలు దించాడు.

"తప్పయింది. పత్రికకు రాస్త. కని నీ పేరు అచ్చయితే పరేషాన్ గాదా?"

"ఊరి పేరు రాయకు. రూతులు మస్తుమంది ఉన్నరు. మిషన్ దవాఖానల ఆరేండ్లు కట్లు కట్టింది నేను, పేరు తెల్లదొరలది. ఇగ చాలు."

రెండు నెలలకు పత్రికలో సవరణ పడింది. రూతు పేరు ముందు, జగపతి పేరు తర్వాత. ఆమె మూడుసార్లు చదివింది.

"అక్షరాలు జర చిన్నగున్నయి" అన్నది. నవ్వు మాత్రం దాచలేకపోయింది.

ఆ తర్వాత ఇద్దరి మధ్య చీటీలు పెరిగాయి. గాయాలు అంతగా పెరగలేదు.

చివరికి జగపతి ఒకటి రాశాడు: "నువ్వు పక్కన లేకుంటే చెయ్యి ఆడుతలేదు. పెండ్లి చేసుకుందమా?" నియమం ప్రకారం పేరు పెట్టలేదు.

వారం తిరక్కముందే రూతు తండ్రి పౌలు అతన్ని తన జొన్నచేనికి పిలిపించాడు. చేతిలో అదే చీటీ. కింద తాజా సిరాతో 'రూతు'.

"నా బిడ్డ నీకు రాసిందట. ఏమంటవ్?"

"మామా, గది నేను రాసిన!"

"పేరున్నదా?" అన్నది రూతు, తండ్రి వెనక నుంచి.

జగపతి చీటీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లొల్లెందుకు?" పౌలు కలం అందించాడు. "నీది గూడ రాయి."

రాశాడు. ఆమె పేరు కింద, జర చిన్న అక్షరాలతో.