ఘాటు రాని దిష్టి

"నూరానంటావేంటమ్మాయ్? ఏం నూరావు? ఎంత నూరావు? నూరింది ఎక్కడ పెట్టావు?"

గుంటూరు మిర్చి యార్డులో తన కమీషన్ కొట్టు గుమ్మంలో నిలబడి బాపయ్యగారు సంధించిన ప్రశ్నలివి. ఏళ్ళ తరబడి లారీ హారన్లూ వేలం పాటలూ వినీ వినీ ఆయన చెవులు ఆయనకంటే ముందే రిటైరైపోయాయి.

"నూరలేదండీ! న్యూరాన్ల మీద రీసెర్చ్ చేస్తున్నాను. న్యూ... రాన్!" అంది ఎదురుగా నిలబడ్డ అమ్మాయి, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"నూరానని నువ్వే అంటావు, నూరలేదనీ నువ్వే అంటావు. మేము కారం కొనేవాళ్ళం కాదు తల్లీ, కాయ అమ్మిపెట్టేవాళ్ళం. మర పక్క వీధిలో ఉంది, వెళ్ళు."

అమ్మాయి జవాబు చెప్పబోయింది. జవాబు బదులు తుమ్ము వచ్చింది. దాని వెనకాల దాని బంధువర్గమంతా వచ్చింది.

మిర్చి టిక్కీల మీద కూర్చుని టీ తాగుతున్న చైతన్యకృష్ణకి నవ్వాగలేదు. టిక్కీ అంటే ఎండుమిర్చి కుక్కిన గోనె బస్తా. దాని మీద కూర్చోవడానికే బీకాం చదివాడని వాళ్ళ నాన్న అభిప్రాయం.

"నాన్నా, న్యూరాన్ అంటే నరాల కణం. తలకాయలో కోట్లకొద్దీ ఉంటాయి" అన్నాడు.

"ఎవరి తలకాయలో?"

"అందరి తలకాయల్లోనూ."

"నీ తలకాయలో కూడానా?" అన్నారు బాపయ్యగారు నిజమైన ఆశ్చర్యంతో.

ఈసారి నవ్వడం అమ్మాయి వంతయింది. కళ్ళనీళ్ళూ ముక్కునీళ్ళూ ఒకేసారి తుడుచుకుంటూ కూడా అందంగా నవ్వగలిగే మనిషిని చైతన్య అంతవరకూ చూడలేదు. చూసి, ఆ సంగతి దాచుకోవడానికి వెటకారం అడ్డం పెట్టుకున్నాడు.

"మేడమ్ ముక్కు మరీ సుకుమారంలా ఉంది. మాకు చూడండి, ఒక్క తుమ్ము కూడా రాదు. ఉక్కు నరాలు!"

"ఉక్కు కాదు, మొద్దు. మీ నరాలు మొద్దుబారిపోయాయి."

"నన్ను మొద్దంటున్నారా?"

"మిమ్మల్నింకా పరీక్షించలేదుగా. ప్రస్తుతానికి నరాలనే అన్నాను."

ఇంత కారంగా మాట్లాడిన ఈ అమ్మాయిది కారం ఊరు కాదు. జీడిపప్పు ఊరు. పేరు బిందుమాధవి. నాన్నగారికి వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే యూనిట్ ఉంది. గుంటూరులో లేడీస్ హాస్టల్లో ఉండి ఎంఫిల్ చేస్తోంది. మిరపకాయ ఘాటు నరానికి ఎలా తెలుస్తుంది, పొద్దస్తమానం అందులోనే బతికేవాళ్ళ నరాలు ఏమవుతాయి అన్నది ఆమె తేల్చుకోవాల్సిన విషయం. అందుకని యార్డు మనుషుల నాలుకలు కావాలి.

"నాలుకలా! నాదివ్వను. అది లేకపోతే వ్యాపారం లేదు" అన్నారు బాపయ్యగారు. ఈ మాట మాత్రం ఆయనకి సరిగ్గానే వినబడింది.

చివరికి కొట్టు వెనకాల రేకుల షెడ్డులో పరీక్ష మొదలైంది. కాయల ముచ్చికలు తుంచే ఆడవాళ్ళకి పెద్దదిక్కు ఎలీసమ్మ, హమాలీ మేస్త్రీ మీరా హుస్సేన్, వాళ్ళ వెనక చైతన్య వరసగా కూర్చున్నారు. బిందుమాధవి డ్రాపర్‌తో కారం నీళ్ళు నాలుక మీద ఒక్కో చుక్క వేస్తుంది, టార్చి లైటు పట్టుకుని కళ్ళల్లోకి గుచ్చి గుచ్చి చూస్తుంది. నీళ్ళు ఊరాయా లేదా అన్నది ఆమెకు లెక్క.

ఎలీసమ్మ చప్పరించి, "పిల్లా, ఉప్పు మరిచిపోయినట్టున్నావే" అంది.

చైతన్య వంతు వచ్చింది. చుక్క పడింది. టార్చి వెలిగింది. రెండు పెద్ద కళ్ళు జానెడు దూరంలోకి వచ్చాయి.

"మండుతోందా?"

"నాలుక మీద లేదు" అన్నాడు చైతన్య.

ఇంకెక్కడని ఆమె అడగలేదు. అడగకుండా టార్చి ఆర్పేసింది.

"నరం లేని నాలుక అంటారుగా, అందుకే తెలియట్లేదేమో" అన్నాడు మళ్ళీ, మాట పెంచడానికి.

"అది మాట్లాడే నాలుక గురించి. రుచి చూసే నాలుక నిండా నరాలే. నరాల కొసల్లో చిన్న తలుపులుంటాయి. నిప్పు తగిలితే తెరుచుకునే తలుపులు. మిరపకాయ దగ్గర వాటికి దొంగతాళం ఉంది. తలుపు తీస్తుంది. నరం వెంట కబురు కరెంటులా పరుగెత్తుతుంది. మెదడు 'నిప్పో, నిప్పు!' అని అరుస్తుంది. నోట్లో నిప్పూ ఉండదు, నివురూ ఉండదు."

"మరి మా మెదళ్ళు అరవవేం?"

"రోజూ అదే దొంగ వస్తుంటే తలుపు బిగుసుకుపోయింది. నాలుకకే కాదు, ముక్కుకీ, గొంతుకీ అంతే. మీరు ఓ నాలుగు నెలలు ఏ ఊటీలోనో ఉండి వస్తే మళ్ళీ మామూలవుతుంది."

చైతన్య ఊటీ వెళ్ళలేదు. కాలేజీ ల్యాబుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. పరీక్షలో తన పని అయిపోయినా, "రాత్రి నుంచి నాలుక అదోలా ఉందండీ" అంటూ ఏదో ఒక వంక. డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఆమె చెప్పదు. చెబితే వెళ్ళిపోతాడేమోనని.

ఒకరోజు మెదడు బొమ్మ ముందు నిలబడి అడిగాడు. "ఇందులో జ్ఞాపకం ఎక్కడుంటుందండీ?"

"ఒక గదిలో దాచిపెట్టినట్టు ఉండదు. ఒక న్యూరాన్‌కీ ఇంకోదానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. కబురు ఆ సందు దాటాలి. ఒకే దారిన మళ్ళీ మళ్ళీ దాటితే ఆ దారి గట్టిపడుతుంది. జ్ఞాపకమంటే ఆ గట్టిపడ్డ దారే."

"పత్తి చేలో నడవగా నడవగా డొంక పడ్డట్టు."

"అచ్చం అంతే! వాసనకైతే మరీ దగ్గర దారి. ఒక్క వాసన తగిలితే చాలు, దాంతో ముడిపడ్డవన్నీ లేచి కూర్చుంటాయి."

"తీగ లాగితే డొంకంతా కదిలినట్టు."

"మీరు బీకాం అని ఎవరన్నారు?" అంది బిందుమాధవి. ఆమె సర్టిఫికెట్ అందుకున్న ధైర్యంతో చైతన్య అసలు సందేహం బయటపెట్టాడు.

"రోజూ కారంలో ఉంటే ఘాటు తెలియకుండా పోతుందన్నారు. మరి రోజూ చూస్తుంటే మనిషి కూడా అలాగే తెలియకుండా పోతాడా?"

ఆమె డ్రాపర్ కడుగుతూ తల ఎత్తకుండా చెప్పింది. "ఘాటు నరాలు వేరు, గుర్తు నరాలు వేరు. అవి వాడితే మొద్దుబారతాయి. ఇవి వాడితే పదునెక్కుతాయి."

"నేను ఏ ఖాతాలో ఉన్నాను?"

"ఇంకా పరీక్షలోనే ఉన్నారు."

రిజల్టు ఏప్రిల్లో వచ్చింది, అకాల వర్షంతో పాటు. వాన పడితే సినిమా హీరో పాట అందుకుంటాడు. యార్డులో పాట అంటే వేలం పాటే కాబట్టి మన హీరో టార్పాలిన్ పట్టా అందుకున్నాడు. ఆరబోసిన కాయ తడిస్తే రైతు ఏడాది కష్టం తాలు కాయల కింద చవగ్గా పోతుంది. మీరా హుస్సేన్ ఒక కొస, చైతన్య ఒక కొస లాగుతుంటే మూడో కొస గాలికి ఎగిరింది. దాన్ని పట్టుకున్న చేతికి గాజులున్నాయి.

"మీరెందుకండీ, తడిసిపోతారు!"

"కాయ తడవకపోతే చాలు, ముందు లాగండి!"

పట్టా కప్పి, దాని అంచు కిందే ఇద్దరూ కూలబడ్డారు. తడిమట్టి, తడిగోనె, తడికారం కలిసిన వాసన. ఆమె తుమ్మింది. కళ్ళు తుడుచుకుంది. వాన నీళ్ళేవో కారం నీళ్ళేవో తెలియకుండా నవ్వింది.

"ఇంక ఈ వాసన ఎప్పుడు తగిలినా నాకు నువ్వే గుర్తొస్తావు. దారి పడిపోయింది" అంది.

"మీరు" నుంచి "నువ్వు"కి ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియలేదు. చైతన్యకి తెలిసింది. అతని నరాలన్నీ మొద్దుబారలేదు.

పెద్దలకి చెప్పారు. పెద్దలు ఫోన్లో మాట్లాడుకున్నారు. వేటపాలెం వాళ్ళకి కుర్రాడు నచ్చాడు, గుంటూరు వాళ్ళకి పిల్ల నచ్చింది. చైతన్య తల్లి సుబ్బరావమ్మ పిల్లని స్వయంగా చూద్దామని భోజనం క్యారియర్ పట్టుకుని యార్డుకి వచ్చింది. షెడ్డులో రెండో విడత పరీక్ష జరుగుతోంది, ఆ పిల్ల తన కొడుకు కళ్ళల్లోకి టార్చి వేసి మరీ చూస్తోంది.

"అదేం చూపురా నాయనా! అలా చూస్తే రాయి కూడా పగులుతుంది" అని గొణుక్కుంది గానీ, చదువుకున్న పిల్ల కదా అని సరిపెట్టుకుంది.

ఆ సాయంత్రమే చైతన్య టిక్కీల మీంచి పడి కాలు బెణికించుకున్నాడు. బిందుమాధవి వెళుతూ వెళుతూ చెయ్యి ఊపితే, పదో వరస మీద నిలబడి రెండు చేతులూ ఊపాడు మరి.

సుబ్బరావమ్మకి కారణం తెలిసిపోయింది. ఎండుమిరపకాయలూ రాళ్ళుప్పూ గుప్పిట పట్టి, కొడుకు చుట్టూ తిప్పి, నిప్పుల కుంపట్లో వేసింది. దిష్టి లేకపోతే ఘాటు గొంతు పట్టుకుంటుంది. దిష్టి ఉంటే అది ఘాటునంతా మింగేస్తుంది. అది ఆవిడ అత్తగారు నేర్పిన శాస్త్రం. కాయలు టపటపా పేలాయి. పొగ లేచింది. సుబ్బరావమ్మ దగ్గలేదు, బాపయ్యగారు దగ్గలేదు, చైతన్య ఆవలించాడు.

"ఘాటే లేదు! ఇంత దిష్టా!" ఆవిడ చతికిలబడింది. "మన పల్లెటూళ్ళో ఉన్నప్పుడు దిష్టి తీస్తే వీధి వీధంతా దగ్గేదిరా! ఇది ఆ పిల్ల కన్నే. ఈ సంబంధం వద్దు."

చైతన్య మూఢనమ్మకమన్నాడు. అరిచాడు, అలిగాడు, అన్నం మానేశాడు. ఆవిడ మళ్ళీ దిష్టి తీసింది. మళ్ళీ ఘాటు రాలేదు. కొడుకు అన్నం తినకపోవడం కూడా దిష్టి ఖాతాలోనే పడింది. ఆవిడ వేటపాలెం ఫోన్ చేసి, మా వాడికి కలిసిరాదండీ అని చెప్పేసింది.

చైతన్య కుంటుకుంటూ ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి హాస్టల్‌కి ఫోన్ చేశాడు. అవతల గొంతు బొంగురుగా ఉంది. ఈసారి కారానికి కాదు.

"మీ అమ్మగారు నాలో ఏం చూసి వద్దన్నారు? అది చెప్పు చాలు."

"నీ చూపు. దిష్టి తీస్తే మిరపకాయల్లో ఘాటు రాలేదట."

"రాలేదా? ఎవరికి రాలేదు?"

"అమ్మకి, నాన్నకి, నాకు."

ఫోన్లో ముందు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది.

"చైతూ! మీ ఇల్లు ఎక్కడుంది?"

"యార్డు పక్కన. మా మిర్చి గోడౌన్ పైన..." అంటూనే చైతన్య నాలుక కరుచుకున్నాడు. కారం తెలియకపోయినా కరిస్తే నొప్పి తెలిసింది. డ్రాపర్ ముందు కూర్చున్న మొద్దుబుర్రకి కుంపటి ముందు అదే సంగతి ఎందుకు తట్టలేదు! పరీక్షప్పుడు అతని ధ్యాస పాఠం మీద లేదు, పంతులమ్మ మీద ఉంది. ఆ డొంక పడలేదు, ఈ డొంక పడింది.

"ఇప్పుడెలా? చెబితే అమ్మ నమ్మదు."

"చెప్పొద్దు. మా నాన్నగారు ఎలాగూ నిలదీయడానికి బయల్దేరుతున్నారు. ఆయనకి ముక్కు మీద కోపం. ఆ ముక్కు కాస్త నీకు పనికొస్తుందేమో చూద్దాం."

మర్నాడు మధ్యాహ్నం ఆ ముక్కూ, దాని మీద కోపమూ, చేతిలో జీడిపప్పు ప్యాకెట్టూ, వెనకాల బిందుమాధవీ మేడ మెట్లెక్కి వచ్చారు.

"ఏమండీ! మా పిల్లలో వంకేమిటో మొహం మీద చెప్పండి. జీడిపప్పులో కూడా పుచ్చుంటే చూపించి మరీ పక్కన పెడతాం" అన్నాడాయన.

సుబ్బరావమ్మ మంచి మనిషి. అబద్ధం ఆడలేదు.

"వంక పిల్లలో లేదన్నయ్యగారూ, కంట్లో ఉంది. చెబితే ఏం నమ్ముతారు, చూడండి." కుంపటి తెచ్చింది. కొడుకుని కూర్చోబెట్టింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ తిప్పి నిప్పుల్లో వేసింది. టపటపా పేలాయి. పొగ తాపీగా గదంతా తిరిగింది.

"చూశారా? ఘాటు లేదు. ఉంటే మేము ఇలా కూర్చోగలమా?"

ఆవిడ తలతిప్పి చూసింది. వేటపాలెం పెద్దమనిషి నోరు తెరిచాడు. మాట బదులు ఒక దగ్గు బయల్దేరింది. అది దగ్గా, చీమకుర్తి క్వారీలో పేలుడా అన్నట్టుంది. బిందుమాధవి కళ్ళు మూసుకుని గోడ తడుముకుంటూ దగ్గుతోంది. జీడిపప్పు ప్యాకెట్టు ఒకవైపు, ఆయన ఒకవైపు. తండ్రీ కూతుళ్ళు మెట్ల మీదికి పరుగెత్తారు. కిందటి వారమే ఎదురింట్లో దిగిన నసీమున్నీసా నిప్పంటుకుందనుకుని బకెట్టుతో పరుగెత్తుకొచ్చి, తనూ దగ్గడం మొదలుపెట్టింది.

"ఏమైందండీ అందరికీ?" అన్నారు బాపయ్యగారు, ఆ పొగలోనే పళ్ళు కుట్టుకుంటూ.

"అమ్మా, ఘాటు ఉంది" అన్నాడు చైతన్య. "మనకే ముక్కుల్లేవు."

బిందుమాధవి నీళ్ళు తాగి, మెట్ల మీదే నిలబడి, దగ్గుకీ దగ్గుకీ మధ్య చెప్పింది. తలుపుల సంగతి, దొంగతాళం సంగతి, గోడౌన్ మీద కాపురముంటే ఆ తలుపులు ఎలా బిగుసుకుపోతాయో ఆ సంగతి. "ఊళ్ళో ఉన్నప్పుడు మీకూ దగ్గొచ్చేదన్నారటగా. ఇక్కడికొచ్చాక పోయింది. పోయింది ఘాటు కాదండీ, ఘాటు తెలియడం."

సుబ్బరావమ్మ కుంపటి వైపు చూసింది. ఎదురింటి మనిషి కళ్ళ వైపు చూసింది. అవి చింతనిప్పుల్లా ఉన్నాయి. అంతా అర్థమైంది. అర్థమై, ఆవిడ మొహం ఇంకా చిన్నబోయింది.

"అయితే... ఇన్నాళ్ళూ నా కొడుక్కి ఒక్క కన్ను కూడా తగల్లేదా? అంత అనాకారా వీడు?"

బిందుమాధవి చున్నీతో మొహం తుడుచుకుంది.

"తగిలాయి అత్తయ్యగారూ. నావి రెండూ తగిలాయి. అంతవరకూ మీరు చెప్పింది నిజమే."

ఈ మాటకి చైతన్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల కాదని ఆ ఇంట్లో ఇప్పుడు అందరికీ తెలుసు. సుబ్బరావమ్మ చరచరా మెట్లు దిగి వచ్చి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని, "కళ్ళు ఎర్రబడిపోయాయే తల్లీ" అంటూ కొంగుతో ఒత్తింది. వేటపాలెం పెద్దమనిషి మాట్లాడే స్థితిలో లేడు. తల మాత్రం నిలువుగా ఊపాడు.

ఈలోగా కింద వీధిలో జనం పోగయ్యారు. ఎలీసమ్మ, మీరా హుస్సేన్, హమాలీలు. మంటలా, గొడవా అని పైకి కేకలేస్తున్నారు. బాపయ్యగారు పిట్టగోడ పట్టుకుని వంగి, లారీ హారన్లని మించిన గొంతుతో అందరికీ విడమరిచి చెప్పారు.

"మంటల్లేవు, దిష్టీ లేదు! మేము మిర్చి మీద కాపురముండి ముక్కుల సంగతి మరిచిపోయాం, అంతే. పెళ్ళి ఖాయం! అమ్మాయి కారం మర మనిషి కాదర్రా, ఏమీ నూరలేదు. నేనే తప్పు విన్నాను. అది న్యూరాను!"