చెయ్యి ఆగితే ఆగే సూది

డుంబ్రిగుడలో సంత జరిగే చోటు దాటగానే ఎడంపక్క ఓ రేకుల షెడ్డు ఉండేది. ఆడవాళ్ళకి కుట్టు నేర్పే సెంటరు. ఇది రెండువేల ఆరులోనో ఏడులోనో సంగతి. శ్రావణమాసం ముసురు, కొండ మీంచి మబ్బు దిగి గుమ్మంలోకి వచ్చి కూచునేది. మధ్యాహ్నమైనా లైటు వేసుకోవలసిందే.

ఆ షెడ్డులో కిటికీ పక్కన ఉన్న మిషనంటే, అక్కడికి కుట్టు నేర్చుకోడానికొచ్చే రత్నాలుకి ప్రాణం. ఎవరో దొరసానమ్మ పంపించిందట. మామూలు మిషన్లో గుడ్డని పళ్ళు లాగుతాయి కదా, దీనికి ఆ పళ్ళు కిందికి దించేస్తారు. ఇంక గుడ్డని చేత్తో ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. పువ్వో, తీగో, మన ఇష్టం. అలా తిప్పితే కుట్టు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అయిపోవాలి. అవదు. ఎందుకంటే సూది పక్కనే బుల్లి ఎర్రదీపం ఒకటి గుడ్డనే చూస్తూంటుంది. చెయ్యి జోరుగా జరిపితే సూది జోరు, నెమ్మదిగా జరిపితే నెమ్మది. చెయ్యి ఆగితే సూదీ ఆగిపోతుంది.

"మా ఇంటాయన కంటే నయమే అక్కా. సెయ్యి ఊపితే సాలు, పన్లోకి లేస్తాది," అనేది సరళ. ఆవిడ అక్కడ టీచరు. విజయనగరం వైపు మనిషి, నోరు ఊరుకోదు.

ఆవేళ మాత్రం రత్నాలు నవ్వలేదు. పక్కన దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో మనవరాలు పడుకుని ఉంది. ఇంకా పేరైనా పెట్టలేదు. దాని తల్లి గంగ, రత్నాలుకి ఒక్కగానొక్క కూతురు, పురిట్లోనే పోయింది. అల్లుడు ఇటుకబట్టీ పనికని ఒరిస్సా వైపు వెళ్ళినవాడు మళ్ళీ రానేలేదు. ఇంక ఆ ఇంట్లో మిగిలింది ముసలాళ్ళిద్దరూ, ఈ పసిగుంటా.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. పురిట్లో పోయిన ఆడమనిషి గుడ్డ ఒక్క పోగు కూడా ఇంట్లో ఉంచకూడదు. కప్పెట్టిన చోట రాళ్ళ కింద పెట్టేసి వెనక్కి చూడకుండా రావాలి. మట్టి వేసేటప్పుడు రత్నాలు మొగుడు బుధు అడిగాడు కూడా, "అన్నీ ఇచ్చీసేవా?" అని. ఇచ్చేశానంది రత్నాలు.

ఇవ్వలేదు. ఆకుపచ్చ చీర ఒకటి పొయ్యి పైన అటక మీది ధాన్యం బుట్టలో దాచింది. గుంట రాత్రంతా చలికి వణికి ఏడుస్తోంది. తల్లి వాసన తగిలితే నిద్రపోతుందని ఆశ. ఆ చీరే ఇప్పుడు మడతలేసి, బొంత చేసి, సూది కింద పెట్టింది.

"పొగ వాసనేస్తంది, ఎవరి సీరే అక్కా?" అంది సరళ.

"పాతది. సంతలో కొన్నాను."

సరళ టీ తేవడానికి గొడుగేసుకుని బయటికి వెళ్ళింది. రేకుల మీద వాన. లోపల మిషను టకటకా. బొంత మీద తీగ కుడుతోంది రత్నాలు. కుడుతూంటే పొగ వాసనలోంచి ఇంకో వాసన లేచింది. పసుపూ, పచ్చి రక్తమూ... పురిటి గది వాసన.

ఉయ్యాల కదిలినట్టయింది. రత్నాలు చేతులు ఆపి అటు తిరిగింది.

మిషను ఆగలేదు.

అరచేతుల కింద గుడ్డ జరుగుతోంది. మెల్లిగా, అవతలి కొస ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు. రెండుసార్లు లాగడం, కాస్త ఆగడం. మళ్ళీ రెండుసార్లు...

ఆ లాగుడు ఆవిడకి తెలుసు. చేత్తో బొంత కుట్టేటప్పుడు తల్లి ఇవతల, కూతురు అవతల కూచునేవారు. గంగ గుడ్డని అలాగే లాగి పట్టేది. రెండుసార్లు, ఆగి, మళ్ళీ రెండుసార్లు.

"గంగా... నువ్వేనేటమ్మా?"

సూది ఆగింది. రత్నాలు కళ్ళు ఉయ్యాల మీద పడ్డాయి. గుంట గుండె మీది గుడ్డ కూడా ఆగి ఉంది. లేవడం లేదు.

సూది రెండు కుట్లు వేసింది. గుంట ఊపిరి తీసింది. సూది ఆగింది. ఊపిరి ఆగింది.

"ఒద్దమ్మా..." గుసగుసలాడింది రత్నాలు. "నాకు ఇదొక్కతే ఉంది. దీన్నొగ్గీ..."

సూది పరుగందుకుంది. ఎర్రదీపం కింద ఆకుపచ్చ గుడ్డ గిరగిరా తిరుగుతోంది. ఉయ్యాల్లో పసిగుండె ఎగిరెగిరి పడుతోంది. సరిగ్గా అప్పుడు సరళ లోపలికొచ్చింది.

"ఏటి సేత్తన్నావక్కా, ఇరిగిపోద్ది!" అంటూ ప్లగ్గు పీకేసింది.

మిషను ఆగింది.

రత్నాలు ఒక్క గెంతులో గుంటని ఎత్తుకుంది. ఒళ్ళు నీలం తిరుగుతోంది. వీపు తట్టింది. ఊపిరి వచ్చింది. చెయ్యి ఆపింది. పోయింది. మళ్ళీ తట్టింది... వచ్చింది.

తడుతూనే వానలో ఇంటికి పరుగెత్తింది. సరళ బొంత పట్టుకుని వెనకాలే వచ్చింది. బుధు ఆకుపచ్చ రంగు చూడగానే పోల్చుకున్నాడు. తిట్టలేదు. "సెప్పకపోతివే..." అన్నాడంతే. బొంత తీసుకుని, చీకటి పడకముందే రాళ్ళ కింద పెట్టేసి, వెనక్కి చూడకుండా తిరిగొచ్చాడు.

"పెట్టీసేను. ఇప్పుడాపీ," అన్నాడు.

రత్నాలు చెయ్యి ఆపింది. ఇద్దరూ గుంట వైపే చూశారు.

"తట్టు! బేగి తట్టు!" అని అరిచాడు బుధు.

బుధు తట్టి చూశాడు, సరళ తట్టి చూసింది. ఊపిరి రాలేదు. రత్నాలు చేతికే వస్తోంది. ఆస్పత్రికి తీసుకెళ్దామంటే గెడ్డవాగు పొంగి దారి మూసేసింది. పొయ్యి పక్కన చాప మీద గుంటని బోర్లా పడుకోబెట్టి, ఆ రాత్రంతా ఆవిడ తడుతూనే ఉంది. భుజం మొద్దుబారింది, వేళ్ళు వాచాయి. చెయ్యి మార్చి తట్టింది. ఈ రాత్రి సరే, రేపో? ఎల్లుండో? నిద్రపోకుండా ఏ మనిషి బతుకుతాడు?

తెల్లవారుతూంటే వాన ఆగింది. గుమ్మంలో తెల్లగా మంచు. బుధూ సరళా గోడకి జేరబడి కునికిపాట్లు పడుతున్నారు.

రత్నాలు ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. ఎప్పుడు పడిపోయాయో తెలీదు.

చాప మీద గుంట నిద్రపోతోంది. పుట్టాక ఎప్పుడూ పోనంత హాయిగా. ఊపిరి ఆడుతోంది. రెండుసార్లు, ఆగి, మళ్ళీ రెండుసార్లు. దాని మీద కప్పిన తువ్వాలు వీపు దగ్గర అరచేయంత మేర అణుగుతోంది... లేస్తోంది... అణుగుతోంది.

చాప ఇందాక పొయ్యి పక్కన ఉండేది. ఇప్పుడు గుమ్మం దగ్గరుంది.

రత్నాలు పాకుతూ వెళ్ళింది. వాచిన చేతిని మెల్లిగా ఆ తువ్వాలు మీద పెట్టబోయింది.

అక్కడ చోటు లేదు.