సాంచాల షెడ్డులో ఫ్యాను

ఓంప్రకాశ్ చాయ్ తాగి వచ్చేసరికి షెడ్డంతా తెల్లటి నూగు ఎగురుతోంది. బట్ట నేసే సాంచాల మధ్య స్టూలు మీద కొత్త టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. దాని పక్కన మమతారాణి, జుట్టు నిండా దూదితో, మెప్పు కోసం చూస్తూ నిలబడి ఉంది.

అతడు ఉరికి స్విచ్ ఆపాడు. తర్వాత సాంచాలనూ ఆపాడు.

“ఎవలు పెట్టమన్నరు గిది?”

“చెమటల నానుతున్నవని తెచ్చిన. నచ్చలేదా?”

“సాంచాల కాడ ఫ్యాను పెట్టరు మమతా. గాలికి పోగులు తెగుతయి.”

“నాకెట్ల తెలుస్తది? మా బాపు బొగ్గుబాయిల పనిచేసిండు. ఆడ గాలి లేకుంటేనే భయం.”

ఆమెది మంచిర్యాల. సిరిసిల్ల కాలేజీలో ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్. అతనికి నవ్వొచ్చింది గానీ, రాత్రి షిఫ్టు చేసిన ముఖంలో నవ్వే ఓపిక లేదు. కూర్చుని తెగిన పోగులు ముడివేయసాగాడు.

“ఆదివారం నన్ను చూడనీకి వస్తుండ్రు. మీ అన్నకు మన సంగతి చెప్పినవా?”

“చెప్త.”

“హోళీకి గూడ గిదే అన్నవు.”

“ఆయన ముందట నిలవడితే నా మాటలన్నీ ఎగిరిపోతయి.”

మమత కింద పడ్డ నూలు కండెను తీసింది. పైనున్న నూగు ఫ్యాను గాలికి అప్పుడే కొట్టుకుపోయింది. లోపలి నూలు చుట్టినట్టే ఉంది.

“నిన్న క్లాసుల పిల్లలు అడిగితే చెప్పిన. కొత్తగ పుట్టిన నక్షత్రం చుట్టూ వాయువు, దుమ్ము పళ్లెం లెక్క తిరుగుతుంటయి. అండ్లకెల్లే గ్రహాలు పుడ్తయి. పక్కన భారీ నక్షత్రం ఉన్నదనుకో, దాని అల్ట్రావయొలెట్ వెలుగుకు ఆ వాయువు వేడెక్కి ఎగిరిపోతది.”

“గా భారీ నక్షత్రం మా లింగమూర్తన్న.”

“అవు.”

“అయితే ఇగ గ్రహాలు పుట్టవా?”

“ముందుగాల అంచులయి పోతయి. దగ్గరున్నదాన్ని ఆ కొత్త నక్షత్రం గట్టిగ పట్టుకుంటది. ఉన్నదాంతోని జల్ది కట్టుకోవాలె, గంతే.” ఆమె గోడకు ఆనుకుంది. “నాకు గూడ అలుపొచ్చింది ఓం.”

ఇంతలో గుమ్మంలో లింగమూర్తి గొంతు.

“సాంచాలెందుకు ఆగినయ్‌రా? గీ ఫ్యాను తెచ్చిన తెలివిమంతుడెవడు?”

ఓంప్రకాశ్ నెలల తరబడి కూర్చుకున్న మాటలన్నీ ఎప్పటిలాగే ఎగిరిపోయాయి. ఒక్కటి మాత్రం కదల్లేదు.

“నేను చేసుకోబోయే పిల్ల తెచ్చింది అన్నా.”

లింగమూర్తి తమ్ముడి ఉబ్బిన కళ్లను చూశాడు. ఆమె జుట్టులోని దూదిని చూశాడు. ప్లగ్గు పీకి, వైరు మెల్లగా చుట్టి, ఫ్యానును చంకన పెట్టుకున్నాడు.

“ఈడ వద్దు. ఇంట్ల పెడ్త. రేపు ఆమె కూసునేది ఆడనే గద.”

“ఆదివారం మంచిర్యాలల నన్ను చూడనీకి వస్తుండ్రన్నా,” అంది మమత.

లింగమూర్తి గుమ్మం దాటబోయి ఆగాడు.

“మంచిర్యాల బస్సు ఎన్నింటికి బిడ్డా? ఆదివారం కంటె ముందుగాల పోవాలె మేము.”