చింతగడ్డ పడవ

"బండి ఎక్కియ్యాల్నంటే మేకలు దిగాలె మేడం. మీకంటె ముందొచ్చినయ్ అవి."

చింతగడ్డకు పడవ నడిపే రాఘవేందర్ అన్న మొదటి మాట అదే. గద్వాల నుంచి స్కూటీ మీద కొత్తగా వచ్చిన టీచర్ సౌందర్యకు ఒళ్లు మండింది.

"బడి పిల్లలకు నేను గావాల్నా, మేకలు గావాల్నా?"

"పిల్లల్నడిగితె మేకలే అంటరు."

పడవలో అందరూ నవ్వారు. చివరికి ఆమె కూడా.

అది రెండువేల ఐదు. కృష్ణ నడుమనున్న ఆ దీవికి వంతెన లేదు. మోటర్‌సైకిళ్లు, ఎరువు బస్తాలు, జ్వరమొచ్చిన మనుషులు, ఏవైనా అతని ఇంజన్ పడవలోనే దాటాలి. రెండేళ్లలో సౌందర్య ఈత నేర్చుకోలేదు గాని, ఇంజన్ చప్పుడులో అతను గొణిగిన మాట వినడం నేర్చుకుంది. జల్లు పడితే అతను తన రెయిన్‌కోటు స్కూటీ సీటుకు కప్పేవాడు.

"మరి నాకు?"

"నువ్వు జల్ది ఆరుతవ్. సీటు ఆరదు."

మూడో వానాకాలం ఏరు నిండుగా వచ్చింది. రాఘవేందర్ తన పక్కింటి ఎల్లన్న కోడలు అంజమ్మకు నొప్పులొస్తే పడవ తీశాడు. తోడుగా సౌందర్య ఎక్కింది. నడిమధ్యలో ఇంజన్ ఆగిపోయింది. బిడ్డ పడవలోనే పుట్టి, ఒడ్డు చేరకముందే సౌందర్య చేతుల్లో చల్లబడింది.

దసరా అయ్యాక ఆమె తండ్రి నాగన్న దీవికొచ్చి రాఘవేందర్ ఇల్లు చూశాడు.

"పిల్లగాడు మంచోడు. నాకిష్టమే బిడ్డా."

ఆమె తన జవాబు రేవు దగ్గర రాఘవేందర్‌కే చెప్పింది.

"నీతోని బతుకుత. ఈడ బతకలేను. గద్వాలకు పోదాం రా."

"నేనొస్తె పడవ ఎవరు నడుపుతరు?"

"ఎవరో ఒకరు."

"ఎవరున్నరు? చూస్తనే ఉన్నవ్ గద."

"రేపు నాకు నొప్పులొస్తె నువ్వే పడవ నడపాలె. నడుపుతవా?"

అతను ఏటి వైపు చూశాడు.

ఎండాకాలంలో ఆమెకు అచ్చంపేటకు బదిలీ అయింది. అడిగి తెచ్చుకున్నదే. ఆఖరిసారి దాటుతుంటే తనే అడిగింది.

"ఏమన్న అనరాదు?"

"ఏమంటే ఆగుతవో చెప్పు. గదే అంట."

ఒడ్డు చేరాక స్కూటీని అతనే గట్టెక్కించాడు.

మరుసటేడు ఆమె పెళ్లికి నాగన్న రాఘవేందర్‌కు కార్డు పంపాడు. ఆమె పెళ్లి రోజే దీవిలోనూ ఒక పెళ్లి. పొద్దుగూకేదాకా రాఘవేందర్ చుట్టాలను దాటిస్తూనే ఉన్నాడు.