ఆరో డిస్కు

ఉదయం 10:38కి ఆస్పత్రి సర్వర్లోంచి మూడేళ్ల స్కాన్లు మాయమయ్యాయి.

మధ్యాహ్నం రెండింటికి ఆరేళ్ల పాపకి తల ఆపరేషన్. పాత స్కాన్లు చూడనిదే కత్తి పట్టనని సర్జన్ తెగేసి చెప్పాడు. పాప తండ్రి థియేటర్ బయట బెంచీ మీద కూలబడ్డాడు.

పోలీసు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేసరికి 12:05. వస్తూ వస్తూ ఆయన మొహం చూసింది. ఎందుకు చూశానా అనుకుంది.

సర్వర్ గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకరు పదహారేళ్లుగా ఆ గదిలోనే పాతుకుపోయిన పెద్దాయన. రెండోది నాలుగు నెలల కిందట చేరిన కొత్తమ్మాయి. అందరి వేలూ కొత్తమ్మాయి వైపే. మరి పెద్దాయన్ని ఎవరు అనుమానిస్తారు?

పెద్దాయన అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. సర్వర్లో చోటు చాలట్లేదు, ఆపడానికేమో వీల్లేదు. అందుకే అది నడుస్తుండగానే ఎనిమిది పాత డిస్కుల్ని ఒక్కొక్కటిగా లాగి, పెద్దవి పెడుతున్నారు. మిగతా ఏడూ కలిసి కొత్తదాన్ని నింపుతాయి. నిండేదాకా దాని లైటు నారింజ రంగులో కొట్టుకుంటుంది. పచ్చబడ్డాకే ఇంకోటి ముట్టుకోవాలి. తొందరపడితే అంతా గోవిందా.

సర్వర్ రాసుకునే లాగ్‌లో టైములున్నాయి. ఐదోది 9:10కి మార్చారు. ఆరోది 10:38కి లాగేశారు. లాగిన ఆ పాత డిస్కు గదిలో లేదు. అది దొరికితే తిరిగి పెట్టి స్కాన్లు రప్పించొచ్చట.

"పదిన్నరకి ఐదోదాని లైటు చూశారా?"

"చూశానమ్మా. నారింజలోనే కొట్టుకుంటోంది. ఏదీ ముట్టుకోకని ఈ పిల్లకి చెప్పి టీకి వెళ్లాను."

కొత్తమ్మాయి తను అప్పుడు స్కానింగ్ రూములో ఉన్నానని మాత్రం అంది. సాక్ష్యం ఎవరూ లేరు.

ఇన్‌స్పెక్టరమ్మ సర్వర్ ముందు వంగింది. మార్చిన ప్రతి డిస్కు మీదా ఆస్పత్రి ప్లాస్టరు ముక్క, దాని మీద పెన్నుతో తేదీ, టైము. అది పెద్దాయన అలవాటట. మొదటి నాలుగు ముక్కల పక్కనా లైట్లు వెలుగుతున్నాయి. ఐదోదాని పక్కన లేదు.

టైము 12:50.

"పెద్దాయనా, ఐదోదాని లైటేది?"

ఆయన కళ్లు ప్లాస్టరు మీదికి వెళ్లాయి.

"ప్లాస్టరు కింద ఉంది. అంటించింది మీరే, 9:10కి. నారింజ మీరు చూడలేదు. చూసుంటే ఆరోది లాగకుండా ఆగేవారు."

పెద్దాయన కుర్చీలో చతికిలబడ్డాడు. సెలవు రోజున మొదటి నాలుగూ ఒక్కొక్కటి గంటంపావులో నిండాయట. ఈ రోజు స్కాన్ల రద్దీకి సర్వర్ నెమ్మదించిందన్న సంగతి తట్టలేదట. పన్నెండుకల్లా తేల్చమని సూపరింటెండెంట్ ప్రాణం తీస్తుంటే, గంటన్నర అయిందిగదా అని లాగేశాడు. స్కాన్లు మాయమవగానే కంగారులో పాత డిస్కు దాచేశాడు.

భోజనం సంచీలోంచి రుమాలు చుట్టిన డిస్కు తీశాడు.

దాన్ని తిరిగి పెట్టాక, 1:35కి స్కాన్లు ఒక్కొక్కటే తెర మీదికొచ్చాయి. సర్జన్ థియేటర్లోకి నడిచాడు. బెంచీ మీది తండ్రి లేచి నిలబడ్డాడు.

"పదహారేళ్లలో ఒక్క నిమిషం కూడా ఆగలేదమ్మా ఈ సర్వర్," అన్నాడు పెద్దాయన కొత్తమ్మాయితో. "ఆ పేరు పోతుందని భయపడ్డాను."

"నా పేరు పోతే ఫర్లేదా సార్?"

ఆయన తల వంచుకుని తాళాలు బల్ల మీద పెట్టి, ఇన్‌స్పెక్టరమ్మ వెంట నడిచాడు.

కొత్తమ్మాయి ఐదోదాని మీది ప్లాస్టరు పీకేసింది. నారింజ లైటు కొట్టుకుంటోంది. స్టూలు లాక్కుని, అది పచ్చబడేదాకా దాని ముందే కూర్చుంది.