ఆరింటి గడి

నర్సింగ్ పాసై ఆరు నెలలైంది. లైసెన్స్ పరీక్ష ఇదిగో పెడతాం, అదిగో పెడతాం అంటున్నారే గానీ పెట్టరు. లైసెన్స్ లేందే ఏ ఆసుపత్రీ గుమ్మం దాటనివ్వదు. "వచ్చాక రామ్మా." ఆ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. ఇంట్లో అమ్మేమో, "ఎవరో ఒకరు తీసుకోకపోతారా," అనేది. ఒళ్ళు మండేది. బాత్రూంలోకెళ్ళి ఏడ్చేదాన్ని.

చివరికి మంచాన పడ్డ ఒక మామ్మని చూసుకునే పని దొరికింది. నాలుగో అంతస్తులో గది. ఎప్పుడూ మూసే ఉండే కర్టెన్లు, స్పిరిట్ వాసన. మామ్మ కూడా ఒకప్పుడు నర్సేనట. ఇప్పుడు మాటా లేదు, కదలికా లేదు. రెండు గంటలకోసారి నాడి చూసి చార్టులో రాయాలి. నా సంతకం చెల్లదు కాబట్టి, రాత్రి ఎనిమిదింటికి లైసెన్స్ ఉన్న సిస్టరక్క వచ్చి కింద సంతకం పెట్టేది.

"మూడు నెలలు మాట రాకుండా చెయ్యవే. పెద్దాసుపత్రిలో నేనే చెప్తా," అంది అక్క. ఆ మాట పట్టుకునే బతుకుతున్నా.

ఎట్టకేలకు పరీక్ష తేదీ వచ్చింది. పరీక్షకి ముందు రోజే నేను తప్పు చేశా. నాలుగింటికి మామ్మ నాడి డెబ్బై రెండు. రాశా. ఆ చేత్తోనే ఆరింటి గడిలోనూ డెబ్బై రెండు వేసేశా. ఏ పూట మారింది గనక! మా బ్యాచ్‌లో ఎవరూ చెయ్యని పనేం కాదు. పుస్తకం తెరిచి కూర్చున్నా.

తలెత్తేసరికి ఆరు. గదిలో తడిగోడ వాసన. ఎక్కడా చప్పుడు లేదు. మామ్మ ఊపిరి చప్పుడు కూడా...

దగ్గరికెళ్ళా. ఛాతీ కదలట్లేదు. నుదురు చల్లగా ఉంది. దవడ బిగుసుకుపోయింది. అంటే, పోయి చాలాసేపైంది.

చార్టులో నా రాత. ఆరింటికి డెబ్బై రెండు. చచ్చిన మనిషికి నాడి రాశా! నా కొంప మునిగింది. ఇంక లైసెన్స్ ఎవడిస్తాడు?

మామ్మ మణికట్టు పట్టుకున్నా.

కొట్టుకుంటోంది.

కాలేజీలో మేడమ్ తిట్టి మరీ చెప్పేది, బొటనవేలితో నాడి చూస్తే మన నాడే మనకి తగులుతుందని. కిందకి చూశా. మూడు వేళ్ళే వేశాను. గడియారం చూస్తూ లెక్కపెట్టా. డెబ్బై రెండు. ఒకటి ఎక్కువ లేదు... ఒకటి తక్కువ లేదు...

చెయ్యి వెనక్కి లాక్కోబోయా. రాలేదు. మామ్మ వేళ్ళు నా మణికట్టు మీదికి జారాయి. మూడు వేళ్ళు. పద్ధతిగా.

"మామ్మా... వదలండి..."

"ఉష్... లెక్క తప్పుతుంది."

పెదాలు కదల్లేదు.

"రాసేశావుగా తల్లీ... ఎక్కణ్ణుంచో తేవాలిగా..."

తర్వాత నాకు గుర్తున్నది లైటు వెలుగు. ఎనిమిదైంది. అక్క మామ్మ చెయ్యి పట్టుకుని నవ్వుతోంది. మామ్మ హాయిగా ఊపిరి తీస్తోంది.

"నాడి బ్రహ్మాండంగా ఉందే!" అని సంతకం పెట్టింది. చార్టు నాకిస్తూ ఆగింది. "నీ చెయ్యేంటే, ఇంత చల్లగా ఉంది?"

మర్నాడు పరీక్ష రాశా. పాసయ్యా. మామ్మ గడప మళ్ళీ తొక్కలేదు. లైసెన్స్ వచ్చిన రోజు అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. అక్క మాట నిలబెట్టుకుంది. పెద్దాసుపత్రిలో ఉద్యోగం ఇచ్చారు. రేపు పొద్దున వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది.

ఆ డాక్టరు నా చెయ్యి పట్టుకుంటాడు. ఏం దొరుకుతుంది? ఆ రోజు నుంచీ నేను రోజూ వెతుక్కుంటూనే ఉన్నా. మణికట్టు దగ్గర, మెడ దగ్గర. లేదు. దేవుడా, ఎక్కడా లేదు.

ఇందాక అక్క ఫోన్ చేసింది. గొంతులో సంతోషం పట్టట్లేదు.

"మామ్మ లేచి కూర్చుందే! కాగితం అడిగి చార్టు గీసింది! పైన నీ పేరు రాసింది. రేపటి తేదీ వేసింది. పొద్దున ఆరింటి గడి ఒక్కటే గీసి, అది ఖాళీగా వదిలేసింది... ఏంటే అది?"