రష్యా అని రాసిన బోర్డు

“పెంచలన్నా! నీ కార్లో ఉండేది ఎవురు?”

డ్రైవర్ పెంచల్ ఫోన్ స్పీకర్‌లో వెంకటేశ్వరి గొంతు. సల్వా పేటలో కఫీల్ ఇంటి పనిమనిషి. కఫీల్ అంటే ఇద్దరికీ వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, వాళ్ల బాబా.

“ఎవురేంది పాపా? సైబీరియా సారే!”

“ఆయప్ప ఇంకా ఎయిర్‌పోర్టులోనే ఉండాడంట! బోర్డు మీద నువ్వు రష్యా అని రాస్తే యాల వస్తాడు? బాబా మండిపడతాండాడు!”

పెంచల్ అద్దంలో వెనక సీటు వైపు చూస్తాడు.

తెల్లోళ్లంతా ఒకటే అనుకున్నాడు!

తొంభై ఒకటిలోనే సైబీరియా మీద మాస్కో పగ్గాలు వదిలింది. రష్యా పేరుకే ఒకటి. సైబీరియా జెండా వేరు... చమురు వేరు. సైబీరియావాడు ఆ బోర్డు దగ్గరికి చచ్చినా రాడు.

మరి వచ్చినవాడు?

మెడ వెనక చల్లటి ఇనుము!

తెలుగు రాకపోయినా సైబీరియా, ఎయిర్‌పోర్టు అన్న మాటలు వెనక సీట్లోని తెల్లవాడికి అర్థమయ్యాయి.

“ఫోన్ ఆఫ్. సైబీరియా చమురు ఒప్పందం మీద నీ కఫీల్ సంతకం పెట్టకూడదు. నువ్వు ఇల్లు చేర్చు... చాలు.”

చేరిస్తే కఫీల్ చస్తాడు. చూసినందుకు వెంకటేశ్వరి చస్తుంది. చేర్చకపోతే తను!

మిట్టమధ్యాహ్నం. ఏసీ ఫుల్లు. అయినా చెమట...

సల్వా మొదట్లో పోలీసు చెకింగ్! తుపాకి కోటు కిందికి జారుతుంది.

“ఇఖామా?” పోలీసు నివాస కార్డు అడుగుతాడు.

జేబులోనే ఉంది. పెంచల్ తీయడు!

పదకొండేళ్లుగా ఏ మాటకు భయపడ్డాడో, ఆ మాటే తన నోటితో అంటాడు.

“ఇఖామా... మాఫీ!” లేదని చేతులు ఊపుతాడు.

పోలీసు కాలర్ పట్టి లాగుతాడు. జీపులోకి తోస్తాడు.

బతికిపోయాను!

“సార్! వాడికాడ గన్ ఉంది! గన్!”

పోలీసు నవ్వుతాడు. ఇఖామా లేనివాడు ఏ కథైనా చెబుతాడు.

తెల్లవాడు దిగుతాడు. ఆలస్యమవుతోందన్నట్టు మర్యాదగా వాచీ చూపిస్తాడు.

“యల్లా, యల్లా!” పోలీసు దారి ఇస్తాడు.

వాడు స్టీరింగ్ ముందు కూర్చుంటాడు! ఇంటి దారి కారు తెర మీదే మెరుస్తోంది... రెండే వీధులు!

జీపులోంచి పెంచల్ వెంకటేశ్వరికి ఫోన్ కొడతాడు. ఎత్తదు. మళ్లీ... ఎత్తదు!

మూడోసారికి ఎత్తుతుంది.

“పాపా! గేటు తీయొద్దు!”

“నేనేడ తీసినానన్నా? నీ కారు వస్తానే అదే తెరుచుకునింది గదా! బాబా ఎదురు పోతాండాడు... అదేందన్నా, స్టీరింగ్ కాడ నువ్వు లేవే...”

ఢాం!

“పాపా!!”

వెనక నుంచి చెయ్యి వచ్చి ఫోన్ లాక్కుంటుంది.

“ఖలాస్,” అంటాడు పోలీసు.